ఫంక్షన్లలో లైవ్ క్యారికేచర్: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను నల్గొండలో ఉంటాను. పెళ్లిళ్లు, పుట్టినరోజులు, కాలేజీ ఫెస్టులు, రిటైర్మెంట్ ఫంక్షన్లలో కూర్చుని, వచ్చినవాళ్ల బొమ్మలు అక్కడికక్కడే గీసి ఇస్తాను. అటు సూర్యాపేట, మిర్యాలగూడ, ఇటు దేవరకొండ మీదుగా మహబూబ్‌నగర్, వనపర్తి, గద్వాల దాకా తిరుగుతుంటాను. గీస్తుంటే వెనక నిలబడి అడిగేవాళ్లూ, తర్వాత ఫోన్ చేసి అడిగేవాళ్లూ దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతారు. ఎక్కువమంది ఈ పని నేర్చుకుందామనుకునే పిల్లలు, కొందరు ఫంక్షన్ పెట్టుకున్నవాళ్లు. ఇద్దరికీ కలిపి రాస్తున్నాను.

క్యారికేచర్ అంటే కార్టూనేనా?

కార్టూన్‌లో ఒక సంగతి ఉంటుంది, క్యారికేచర్‌లో ఒక మనిషి ఉంటాడు. ఇటాలియన్ భాషలో 'కరికారే' అంటే బరువెక్కించడం. ఆ మాట నుంచే ఈ పేరు వచ్చింది. ముఖంలో ముందు మన కంట్లో పడేది ఏదో, దాని మీద ఇంకాస్త బరువు వేస్తాం. పోలిక మాత్రం తప్పకూడదు.

సూర్యాపేటలో పుట్టిన కార్టూనిస్టు శేఖర్ గీసిన నాయకుల ముఖాలు పేపర్లో చూసి, వాటి మీద ట్రేసింగ్ పేపర్ పెట్టి దిద్దినవాళ్లలో నేనూ ఒకడిని. ఆయన 2014లో పోయారు. అయితే పేపర్లో వచ్చే ముఖం లోకానికంతా తెలిసిన ముఖం, గీసేటప్పుడు అది ఎదురుగా కూర్చోదు. ఫంక్షన్లో వచ్చి కూర్చునే ముఖాన్ని మనం అంతకుముందు ఎప్పుడూ చూసి ఉండం. బొమ్మ అయ్యాక ఆ మనిషి దాన్ని చేత్తో పట్టుకుని చుట్టాల మధ్యలోంచి నడిచి వెళ్లాలి. ఈ రెండో సంగతి గుర్తు పెట్టుకుంటే కింద రాసినవాటిలో సగం మీకే తోస్తాయి.

మన జిల్లాల్లో దీనికి పని దొరుకుతుందా, హైదరాబాద్ పోవాల్సిందేనా?

దొరుకుతుంది. నేను మొదలుపెట్టినప్పుడు ఫంక్షన్ హాల్ ఓనర్లకు ఇదేమిటో చెప్పడానికే పావుగంట పట్టేది. ఇప్పుడు సంగీత్, హల్దీ మన ఊళ్లకూ వచ్చేశాయి, ఫోటో బూత్ పక్కన మనకూ ఒక కుర్చీ పడుతోంది. పట్టులంగా ఫంక్షన్లు, పంచెకట్టు ఫంక్షన్లు, పిల్లల మొదటి పుట్టినరోజులు బాగా ఉంటాయి. టీచర్ల రిటైర్మెంట్ ఫంక్షన్లంటే నాకు ఇష్టం. ముప్పై ఏళ్లు ఒకే బడిలో చేసిన సార్‌ను గీస్తుంటే వెనక నిలబడ్డ పాత విద్యార్థులు "కళ్లద్దాలు ఇంకా కిందికి సార్, ముక్కు కొసకు" అని సలహాలిస్తారు. ఆ సలహాలు ఎప్పుడూ సరిగ్గానే ఉంటాయి.

కానీ ఏడాదంతా ఒకేలా ఉండదు. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, జ్యేష్ఠం, శ్రావణం, కార్తీకం, మార్గశిరం మనవి. ఆషాఢం, భాద్రపదం, పుష్యం ఖాళీ. మధ్యలో మూఢం వచ్చిందంటే మంచి నెల కూడా పోతుంది. కాబట్టి కొత్త క్యాలెండర్ రాగానే ముందు మూఢాలు ఎప్పుడున్నాయో చూడండి. నల్గొండ నుంచైనా, మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ వంద కిలోమీటర్లే. ఖాళీ నెలల్లో కంపెనీల ఈవెంట్లకు అటు వెళ్లి రావచ్చు. వాటికి ముహూర్తాల పని లేదు.

బొమ్మలు బాగానే గీస్తాను. ఇంకా ఎంత ప్రాక్టీస్ చేయాలి?

ఇంట్లో గంట కూర్చుని ఫోటో చూసి గీసే బొమ్మకూ దీనికీ చుట్టరికం తక్కువ. నేను చెప్పే పరీక్ష ఒకటే. బస్టాండుకు వెళ్లండి. ప్లాట్‌ఫారం మీద కూర్చున్నవాళ్లను గీయడం మొదలుపెట్టండి. బస్సు వచ్చేలోపు పోలిక రావాలి. వాళ్ల బస్సు ఎప్పుడొస్తుందో మీకు తెలియదు, మీ కోసం వాళ్లు ఆగరు. దేవరకొండ బస్సు కోసం చూసే ముసలాయన అయితే నిదానంగా కూర్చుంటాడు. హైదరాబాద్ నాన్‌స్టాప్ కోసం వచ్చినవాళ్లు కూర్చోనే కూర్చోరు. నేను రెండేళ్లు అలా గీశాను. మొదటి ఆరు నెలల పుస్తకాలు ఇప్పుడు తీసి చూస్తే ఎక్కువ భాగం ముక్కు దగ్గరే ఆగిపోయిన ముఖాలు.

ఒక జాగ్రత్త. చెప్పకుండా ఆడవాళ్లను గీస్తూ కూర్చోకండి, గొడవలవుతాయి. అడిగి గీసి, కాగితం వాళ్లకే ఇచ్చేయండి. ఇచ్చేటప్పుడు వాళ్ల ముఖంలో కనిపించేదే మీ మార్కులు.

ఆర్ట్ కాలేజీలో చదవాలా?

చదివితే మంచిదే. హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో బీఎఫ్ఏ అనే డిగ్రీ కోర్సు ఉంది. అంత దూరం వద్దనుకుంటే ప్రభుత్వ పరీక్షల విభాగం పెట్టే డ్రాయింగ్ లోయర్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలు రాయవచ్చు. బడిలో డ్రాయింగ్ టీచర్‌గా వెళ్లాలనుకుంటే అవి పనికొస్తాయి కూడా. ఫంక్షన్ పెట్టుకున్నవాళ్లు మాత్రం సర్టిఫికెట్ అడగరు, "మా బావను గీసి చూపించు" అంటారు.

నా చదువు గడియారం సెంటర్ దగ్గర ఒక సందులో సైన్‌బోర్డులు రాసే పెయింటర్ దగ్గర జరిగింది. ఎనామిల్ పెయింట్, ఫ్లాట్ బ్రష్. గోడల మీద ఎలక్షన్ గుర్తులు, లారీల వెనక నెమళ్లు. ఫ్లెక్సీ వచ్చి ఆ పని మొత్తం తుడిచిపెట్టింది. కానీ ఒకసారి పెట్టిన గీతను మళ్లీ దిద్దకుండా వదిలేయడం అక్కడే అలవాటైంది. ఈ పనిలో రబ్బరు వాడే టైమ్ ఉండదు.

ఐదు నిమిషాల్లో పోలిక ఎలా పట్టుకుంటారు?

అందరూ అడిగే ప్రశ్న ఇదే కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ముందు మామూలు ముఖం కొలతలు చేతికి రావాలి. తల మొత్తం ఎత్తులో కళ్లు సరిగ్గా మధ్యలో ఉంటాయి. జుట్టు మొదలయ్యే చోటి నుంచి కనుబొమల దాకా, అక్కడి నుంచి ముక్కు కింది దాకా, అక్కడి నుంచి గడ్డం దాకా మూడు వాటాలూ దాదాపు సమానం. రెండు కళ్ల మధ్య ఇంకో కన్ను పట్టేంత చోటు. ఏ ముఖమూ అచ్చంగా ఇలా ఉండదు. ఎదురుగా కూర్చున్న ముఖం ఈ లెక్కను ఎక్కడ తప్పిందో అదే మనకు దొరికిన కొస. ఒకాయనకు కింది వాటా పొడుగు, దవడ ముందుకొస్తుంది. ఒకావిడకు కళ్ల మధ్య చోటు ఎక్కువ, ముఖంలో చంటిపిల్ల పోలిక వస్తుంది. ముక్కు పెద్దదని ముక్కొక్కటే పెంచితే జోకర్ వస్తాడు. ముక్కు పెరిగినప్పుడు దాని పక్కన ఇంకోటి తగ్గాలి, కళ్లు చిన్నవి కావాలి లేదా గడ్డం లోపలికి పోవాలి.

మనిషి నడిచి వచ్చి కుర్చీలో కూర్చునే పది సెకన్లు పెన్ను కింద పెట్టి చూడండి. ఆ పది సెకన్లలో అనిపించిందే నిజం, తర్వాత చూసేకొద్దీ అన్ని ముఖాలూ మామూలుగానే కనిపిస్తాయి.

నేను కళ్లు, ముక్కుతో మొదలుపెడతాను. ఆ రెండూ కుదిరితే వెనక నిలబడ్డవాళ్లు "మన రాములే" అనేస్తారు, మనకు సగం భయం పోతుంది. నోరు వెంటనే గీయను. వచ్చి కూర్చోగానే అందరూ ఫోటోకు బిగించినట్టు బిగిస్తారు. ఎవరో ఒకరు ఆటపట్టిస్తే నవ్వుతారు కదా, అప్పుడు నోరు గీసేస్తాను. తర్వాత దవడ, చెవులు, చివరికి జుట్టు. పళ్లు ఒక్కొక్కటీ విడగొట్టి గీయకండి, వయసు పెరిగిపోతుంది. పై వరుసను ఒకే తెల్లటి ముక్కగా వదిలేస్తే చాలు. కళ్లద్దాలు ఉంటే ముందు ఫ్రేము గీసి అందులో కళ్లు పెట్టాలి. కళ్లు గీశాక అద్దాలు తొడిగితే ఎప్పుడూ వంకరే.

ముఖం కొద్దిగా పక్కకు తిప్పి కూర్చోబెట్టుకోండి. ఎదురుగా తిన్నగా కూర్చుంటే ముక్కు ఎంత ముందుకుందో తెలియదు.

చిన్నపిల్లలు కదలకుండా కూర్చోరు కదా?

కూర్చోరు. ఫోన్‌లో ఏదో ఒకటి పెట్టి నా భుజం పక్కన పట్టుకోమని వాళ్ల నాన్నకు చెబుతాను. పిల్లల ముఖాన్ని సాగదీయాల్సిన పని లేదు. నుదురు పెద్దగా, కళ్లు ముఖంలో కాస్త కిందికి, బుగ్గలు ముందుకు పెడితే చాలు. పోలిక ఎక్కువగా జుట్టులోనూ పెదవిలోనూ ఉంటుంది.

ఏడాదిలోపు పిల్లలను గీయవద్దని కొన్ని ఇళ్లలో అవ్వలు అడ్డం వస్తారు, దిష్టి తగులుతుందని. వాదించకండి. బొమ్మలో బుగ్గ మీద దిష్టి చుక్క పెట్టి చూపిస్తే చాలాసార్లు ఆ అవ్వే ఎత్తుకుని కూర్చుంటుంది.

ఎవరైనా నొచ్చుకుంటే?

పనిలో పెద్ద కష్టం ఇదే. గీతల కష్టం రెండేళ్లలో తీరుతుంది, ఇది తీరదు.

మొదట్లో ఒక రిసెప్షన్‌లో పెళ్లికూతురి మేనత్తను గీశాను. ఆమెకు పై పళ్లు కొద్దిగా ఎత్తు. నాకు వెంటనే దొరికింది, గీసేశాను. పోలిక అద్భుతంగా వచ్చింది. వెనక నిలబడ్డవాళ్లంతా పడీపడీ నవ్వారు. ఆమె కాగితం తీసుకుని చూసి, నవ్వి, నాలుగు మడతలు పెట్టి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది. ఎవరూ నన్ను ఏమీ అనలేదు. డబ్బులు కూడా పూర్తిగా ఇచ్చారు. ఆ నాలుగు మడతలు మాత్రం నాకు ఇప్పటికీ కనిపిస్తాయి. అప్పటి నుంచి నా లెక్క అదే. కాగితాన్ని చుట్టలా చుట్టుకుని తీసుకెళ్లారా, మడతపెట్టారా?

ఇక్కడ కూర్చునే తీరును కాస్త ఊహించుకోండి. కుర్చీలో ఉన్నవాళ్లకు కాగితం కనిపించదు. నా వెనక ఇరవైమంది నిలబడి దాన్ని చూస్తుంటారు. కుర్చీలో ఉన్న మనిషికి కనిపించేది ఆ ఇరవైమంది ముఖాలు మాత్రమే. వాళ్లు నవ్వుతారు, తన గురించే, కానీ ఎందుకో తనకు తెలియదు. అది నిజంగా ఇబ్బందే. అందుకని నేను గీస్తూ మాట్లాడుతూనే ఉంటాను. "మీ మీసం దగ్గరికొచ్చిన పెదనాయినా, అందుకే నవ్వుతున్నరు." "ఏం లేదక్కా, జుమ్కాలు పెద్దగ పడ్డయి." నవ్వు దేని మీదో ఆ మనిషికి తెలిస్తే తనూ నవ్వుతుంది. మధ్యలో ఒకసారి కాగితం తిప్పి చూపించడం కూడా మంచి ఉపాయం.

ఏవి పెంచవచ్చు, ఏవి ముట్టుకోకూడదు అన్నదానికి నాకు కొన్ని కట్టుబాట్లున్నాయి. మీసం, కనుబొమలు, జుట్టు, చెవులు, నవ్వు, మగవాళ్ల ముక్కు పెంచవచ్చు. మెల్లకన్ను, ఎత్తుపళ్లు, మచ్చ, మొటిమలు, లావు, ఒంటి రంగు, వీటి జోలికి వెళ్లను. కంట్లో మొదట పడ్డది ఇందులోది అయితే రెండోది వెతుక్కుంటాను. ప్రతి ముఖంలోనూ రెండోది ఉంటుంది. బట్టతల ఉన్న మగవాళ్లు తామే జోకులేస్తారు, కానీ పక్కన కొత్త పెళ్లాం ఉంటే నాలుగు వెంట్రుకలు ఎక్కువే పెట్టండి. మీసం తగ్గిస్తే మాత్రం మన దగ్గర ఊరుకోరు. పుట్టుమచ్చ గురించి అడిగి వేయండి. కొందరికి అది అదృష్టం, కొందరికి చిరాకు.

రంగు సంగతికొస్తే, నేను చాలావరకు నల్ల గీతతోనే గీస్తాను. అందులో ఎవరూ నలుపు కాదు, ఎవరూ తెలుపు కాదు. రంగులు వేసేచోట "జర తెల్లగ వెయ్యి" అని తప్పకుండా ఎవరో ఒకరు అంటారు, అన్నప్పుడు పక్కనే ఉన్న చెల్లెలు ముఖం చిన్నబోతుంది.

పోలిక అస్సలు రాకపోతే?

వస్తుంది అలాంటి రోజు. యాభైమందిలో ఇద్దరు ముగ్గురు కుదరరు. "అన్నా, నాకే నచ్చలేదు, ఇంకోటి గీస్తా" అని చెప్పి కొత్త కాగితం తీయండి. రెండోసారీ రాకపోతే నగలు, చీర అంచు, గడియారం, చేతిలోని బిర్యానీ ప్లేటు గీసి గట్టెక్కండి. గద్వాల చీర కట్టుకున్నావిడకు ఆ అంచు బాగా పడితే ముక్కు సంగతి మర్చిపోతుంది.

ఏ సామాన్లు కావాలి?

ఎక్కువేమీ అక్కర్లేదు. ఏ4 సైజు మందం కాగితం, గట్టి అట్ట, రెండు క్లిప్పులు, బ్రష్ పెన్నులు నాలుగు, సన్న మొనవి రెండు, నీడలకు బూడిద రంగు మార్కరు ఒకటి. విడి షీట్లు కొనకుండా పెద్ద షీట్లు తెచ్చి ప్రింటింగ్ ప్రెస్‌లో కట్టింగ్ మిషన్ మీద కోయించుకుంటే చవక. కాగితం మరీ నున్నగా ఉంటే సిరా ఆరదు, చెయ్యి తగిలి పూసుకుపోతుంది.

పెళ్లివాళ్లు అడిగితే కాగితం అడుగున వధూవరుల పేర్లు, తేదీ ముందే అచ్చు వేయిస్తాను. లేజర్ ప్రింటే వేయించండి. ఇంక్‌జెట్ ప్రింట్ మీద మార్కరు తగిలితే అక్షరాలు కారతాయి. ఇంకోటి, పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ కవర్లు. చాలామంది భోజనం చేసి, చెయ్యి సరిగ్గా కడుక్కోకుండా వచ్చి బొమ్మ పట్టుకుంటారు.

ఎండాకాలం జాగ్రత్త వేరే. మే నెలలో మన దగ్గర 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి. మోచేతి నుంచి చెమట కాగితం మీదికి కారుతుంది, చెయ్యి కింద చేతిరుమాలు ఉండాలి. కూలర్ పక్కన కూర్చుందామా అంటే ఆ తేమకు కాగితం మెత్తబడి సిరా పాకుతుంది. కూలర్ గాలి మన వీపుకు తగలాలి, కాగితానికి తగలకూడదు.

ఐప్యాడ్ మీద గీస్తే మంచిదా?

కంపెనీల ఈవెంట్లలో అదే అడుగుతున్నారు. తెర మీద గీస్తుంటే పెద్ద టీవీలో అందరూ చూస్తారు, చివర చిన్న ప్రింటర్‌లో ఫోటో సైజు ప్రింట్ వస్తుంది. గీత తప్పితే వెనక్కి వెళ్లవచ్చు. కానీ ప్రింటర్, దాని కాగితం, చార్జింగ్, వైర్లు, ఇవన్నీ మోయాలి. కరెంటు పోయి జనరేటర్ ఎక్కేలోపు ప్రింటర్ సగంలో ఆగిపోతే ఆ ముఖం మళ్లీ ప్రింట్ చేయాలి. నా దగ్గర రెండూ ఉన్నాయి. ఊళ్లల్లో కాగితమే తీసుకెళ్తాను. సిరా ఆరని బొమ్మను ఊదుకుంటూ వెళ్లడం జనానికి ఇష్టం.

ఫంక్షన్ హాల్లో ఎక్కడ కూర్చోవాలి?

ఈవెంట్ వాళ్లు చూపించిన చోట కూర్చోకండి. వాళ్లు ఎప్పుడూ డీజే స్పీకర్ పక్కనే చూపిస్తారు. మాట వినపడకపోతే మాటలతో నవ్వించలేం, పైన చెప్పిన ఉపాయాలన్నీ పోతాయి. డైనింగ్ హాలు తలుపు పక్కన కూడా వద్దు, తోపులాట. స్టేజీకీ డైనింగ్‌కీ మధ్య, ఒక గోడ వారగా చూసుకోండి. మన వెనక జనం నిలబడటానికి ఆరడుగుల చోటు ఉండాలి, గుంపు లేకపోతే ఎవరూ రారు.

వెలుతురు మీదే మీరు తెచ్చుకోండి. హాల్లో నీలం, గులాబీ లైట్లు తిరుగుతుంటాయి, ఆ రంగుల్లో ముక్కు నీడే కనిపించదు. బ్యాటరీతో నడిచే చిన్న క్లిప్ లైటు ఒకటి చాలు, ఎదుటి మనిషికి ఒక పక్క నుంచి పడేలా పెట్టాలి. వీడియో లైటు పట్టుకునే తమ్ముడితో ముందే స్నేహం చేసుకోండి. మొదటి బొమ్మ అతనిది గీసి ఇస్తే ఆ రాత్రంతా మీ వైపు వెలుతురు పడుతుంది.

గంటకు ఎంతమందిని గీయగలరు?

నల్ల గీతతో ముఖం మాత్రమే అయితే పది పన్నెండుమంది. రంగులతో, ఒళ్లు కూడా గీస్తే ఐదారుగురు. జంటను ఇద్దరిగా లెక్కపెట్టుకోండి. "ఐదొందలమంది వస్తరు, అందర్నీ గీయాలె" అనేవాళ్లకు ఈ లెక్క ముందే చెప్పాలి. మూడు గంటలకు ముప్పైమంది, అంతే.

అందుకే టోకెన్లు పెడతాను, నంబర్లు రాసిన అట్టముక్కలు. టోకెన్లు అయిపోగానే క్యూ మూసేయడం సులభం. పెద్దమనిషి ఎవరో వచ్చి నేరుగా కుర్చీలో కూర్చుంటాడు, అది తప్పదు, గీసేయండి. రెండో పెద్దమనిషి వచ్చినప్పుడు మాత్రం పెళ్లివాళ్ల తరఫు మనిషిని పిలిచి చెప్పించండి. మనం చెబితే గొడవ, బావమరిది చెబితే పరిహాసం.

రేటు ఎంత చెప్పాలి?

గంటల మీద చెప్పండి, బొమ్మల మీద చెప్పకండి. బొమ్మకింత అంటే రాత్రి పదకొండింటికి లెక్కల దగ్గర కూర్చోవాలి. నేను రెండు గంటలకు తక్కువ ఒప్పుకోను. జిల్లాలో రెండు గంటలకు 5,000, ఆపైన గంటకు 2,000 తీసుకుంటాను. బస్సు చార్జీలు, రాత్రి బస్సు లేకపోతే పడుకునే ఏర్పాటు పెళ్లివాళ్లదే. ఇవి నా అంకెలు. మీరు కొత్తవాళ్లయితే తగ్గించండి, కానీ ఉచితంగా గీయకండి. ఒకచోట ఉచితంగా గీస్తే ఆ చుట్టరికం మొత్తం ఉచితమే.

సగం అడ్వాన్స్ లేకుండా డైరీలో తేదీ రాయను. ఒకసారి గద్వాల దాకా వెళ్లాక ఒక ఈవెంట్ మేనేజర్ ఫోన్ ఎత్తలేదు. పెళ్లి ఉంది, పెళ్లివాళ్లకు నేనెవరో తెలియదు. పెళ్లి భోజనం చేసి తిరిగొచ్చాను.

పన్నుల గొడవ ఉంటుందా?

సేవల మీద రాబడి ఏడాదికి 20 లక్షలు దాటితేనే జీఎస్టీ రిజిస్ట్రేషన్. మనలో చాలామందికి ఆ భయం లేదు. కంపెనీలు టీడీఎస్, అంటే ముందుగానే పట్టుకునే పన్ను, కోసుకుని ఇస్తే కంగారుపడకండి, రిటర్న్ వేసి పన్నులో సర్దుకోవచ్చు, ఎక్కువైతే వెనక్కి వస్తుంది. పాన్ నంబరు ఇవ్వకపోతే మాత్రం 20 శాతం కోస్తారు.

గీసిన బొమ్మ ఎవరిది? నేను ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకోవచ్చా?

డబ్బిచ్చి గీయించుకున్న పోర్ట్రెయిట్ మీద, వేరే ఒప్పందం లేకపోతే, గీయించుకున్నవాళ్లే మొదటి హక్కుదారు. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్‌లో ఉంది. అందుకని పని ఒప్పుకునేటప్పుడే వాట్సాప్‌లో ఒక వాక్యం రాయించుకోండి, బొమ్మల ఫోటోలు నా పేజీలో పెట్టుకుంటానని. చట్టం సంగతి అలా ఉంచి, పెళ్లికి వచ్చిన ఆడపిల్ల బొమ్మ పెట్టే ముందు ఆ అమ్మాయిని అడగడం మర్యాద.

అమ్మాయిలు ఈ పని చేయవచ్చా?

చేయవచ్చు, చేయాలి కూడా. మహబూబ్‌నగర్ వైపు వలీమాలకు, అంటే ముస్లింల పెళ్లి విందులకు, వెళ్తే ఆడవాళ్ల హాలు వేరు, నన్ను లోపలికి రానివ్వరు. అక్కడ గీయడానికి అమ్మాయి కావాలని ఎన్నిసార్లు అడిగారో లెక్కలేదు. సంగీత్‌లలోనూ అంతే, ఆడవాళ్లు ఇంకో ఆడమనిషి ముందు తీరిగ్గా కూర్చుంటారు. రాత్రి ప్రయాణమే చిక్కు. ఇద్దరు కలిసి వెళ్లడం, వచ్చే బండి పెళ్లివాళ్లే పంపేలా ముందే మాట్లాడుకోవడం, తొమ్మిదికి ముగించే పనులే ఒప్పుకోవడం చేస్తున్నారు.

జాతరల్లో స్టాల్ పెట్టుకోవచ్చా?

కురుమూర్తి జాతర, చెరువుగట్టు, రెండేళ్లకోసారి వచ్చే పెద్దగట్టు, వీటిలో జనానికి కొదవలేదు. కానీ దేవుడి దగ్గరికి వచ్చినవాళ్లు బొమ్మ కోసం క్యూలో నిలబడరు, దుమ్ము వేరే. నేను ఒకసారి ప్రయత్నించి, గాజుల దుకాణానికి చోటు వదిలేసి వచ్చాను. మహబూబ్‌నగర్ దగ్గరి పెద్ద మర్రిచెట్టు, పిల్లలమర్రి లాంటి చోట ఆదివారాలు నయం, మనుషులు తీరికగా ఉంటారు. ఎక్కడైనా అనుమతి తీసుకునే కూర్చోండి.

నాయకులు వస్తే గీయవచ్చా?

వాళ్లు అడిగితే గీయండి, అభిమానులు అడిగితే వద్దు. మెడలో కండువా రంగు చూసుకుని వేయండి. ఈ మధ్య పార్టీ మారినవాళ్లకు కండువా లేకుండా గీయడం క్షేమం.

ఫోటో చూసి గీసి ఇస్తారా?

ఇస్తాను, ఆషాఢం అంతా అదే కదా. పెళ్లి కార్డు మీద జంట బొమ్మ, హాలు గుమ్మం దగ్గర నిలబెట్టే మనిషెత్తు బొమ్మ, ఇవి అడుగుతుంటారు.

ఫంక్షన్ మధ్యలో ఫోన్ చూపించి, చనిపోయిన నాన్ననో తాతనో తమ పక్కన గీయమనేవాళ్లు ఉంటారు. ఆ బొమ్మలో నేను ఏదీ పెంచను. మామూలు ముఖమే, కొంచెం నవ్వుతో. టైమ్ ఎక్కువ పడుతుంది, వెనక క్యూ గునుగుతుంది, గునగనివ్వండి.

ఫోన్ యాప్‌లు, ఏఐ వచ్చాక ఇంకా ఎవరు గీయించుకుంటారు?

ఫ్లెక్సీ వచ్చినప్పుడు మా గురువు పని పోవడం కళ్లతో చూశాను కాబట్టి ఏమీ కాదని గొప్పలు చెప్పను. ఫోటో చూసి గీసే పని ఇప్పటికే తగ్గింది. పెళ్లి కార్డు బొమ్మలు కుర్రాళ్లు తామే ఫోన్‌లో చేసుకుంటున్నారు. ఫంక్షన్ పిలుపులు మాత్రం తగ్గలేదు. అక్కడ జనం చూడటానికి వచ్చేది గీసే చేతిని, కుర్చీలో ఇరుక్కున్న బావను.

భోజనం ఎప్పుడు చేస్తారు?

నవ్వుతారు గానీ కొత్తవాళ్లు తెలుసుకోవాల్సిన సంగతి. ముందు తింటే నిద్ర, మధ్యలో తింటే వేళ్లకు నూనె. నేను చివరి టోకెన్ అయ్యాకే లేస్తాను. అప్పటికి స్వీటు అయిపోయి ఉంటుంది. హాలు వెనక వంటవాళ్లు కూర్చుని తింటుంటారు, వాళ్లతో కలిసి తింటాను. తిన్నాక అట్ట మళ్లీ బయటికి తీయాల్సి వస్తుంది, గంటల లెక్కలో రాయని బొమ్మలు. పోయిన మాఘంలో మిర్యాలగూడలో ఒక వంట మేస్త్రి తలకు కట్టిన తువ్వాల విప్పి, జుట్టు తడిచేసి దువ్వుకుని వచ్చి కూర్చున్నాడు. "గరిటె గూడ పెట్టు అన్నా," అన్నాడు, "పెద్దదే."